అరువు నోరు

ప్రొఫెసర్ గారు సంగతేమిటో పూర్తిగా చెప్పనే లేదు, శ్రీవల్లి అప్పుడే "సారీ సర్" అనేసింది.

ఆయన కోపంగా ఉన్నాడు, అంతే కారణం. పాఠం చెప్పే పెద్దమనిషి ముఖం ఎర్రగా చేసుకుని ఎదురుగా కూర్చుంటే, తప్పెవరిదన్న విచారణ తర్వాత, ముందు సారీ చెప్పాలి. వరంగల్లో ఇంజనీరింగ్ చదివినన్నాళ్లూ ఆమె చేసింది అదే. బస్సు లేటుగా వచ్చినా లెక్చరర్‌కి సారీ చెప్పింది, కరెంటు పోయినా చెప్పింది. అక్కడ ఆ మాటతో పెద్దాయన కాస్త చల్లబడి, "సరే, ఏమైందో చెప్పు" అంటాడు. అసలు మాటలు అప్పుడు మొదలవుతాయి. షికాగోలోని ఆ గదిలో మాత్రం మాటలు అక్కడితోనే ముగిసిపోయాయి.

ఆయన బల్ల మీద రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి శ్రీవల్లిది, ఒకటి హర్షవర్ధన్‌ది. ఎత్తైన భవనంలో నాలుగు లిఫ్టులుంటే ఏ లిఫ్టు ముందుగా ఏ అంతస్తుకి వెళ్లాలో తేల్చే ప్రోగ్రాం. రెండింట్లోనూ పేర్లు తప్ప అంతా ఒకటే. పొద్దున్నే హర్షవర్ధన్ వచ్చి, అది తను రాసిందేననీ, ఆ అమ్మాయి చేతికి ఎలా వెళ్లిందో తనకి తెలియదనీ గడగడా ఇంగ్లిష్‌లో చెప్పి వెళ్లాడట. మధ్యాహ్నం ఈ అమ్మాయి వచ్చి సారీ అంది. ఇక ఆయనకి అనుమానం ఎందుకుంటుంది?

"నిజం ఒప్పుకున్నావు, అది మంచి లక్షణం," అన్నాడు ఆయన, కంప్యూటర్ వైపు తిరుగుతూ.

"సర్, అది కాదు..." అని ఆమె మొదలుపెట్టింది. ఆయన వేళ్లు అప్పటికే టైపు చేస్తున్నాయి. సాయంత్రానికి ఆమెకి మెయిల్ వచ్చింది. విద్యార్థిని కాపీ కొట్టినట్టు ఒప్పుకుంది, గురువారం క్రమశిక్షణ కమిటీ ముందు హాజరు కావాలి, తప్పు రుజువైతే ఒక సెమిస్టర్ సస్పెన్షన్. సెమిస్టర్ పోతే, చదువు కోసమిచ్చిన ఎఫ్‌-వన్ వీసా నిలవదు. వీసా నిలవకపోతే ఇక్కడ మనిషి నిలవదు. ఇంటికి వెళ్లే రైల్లో ఆ మెయిల్ మళ్లీ మళ్లీ చదివితే ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో విజయశ్రీ గారి ఇంటి బేస్‌మెంట్‌లో శ్రీవల్లి అద్దెకుంటోంది. అద్దె మాట ఎలా ఉన్నా, సాయంత్రం వంట మాత్రం ఇద్దరూ కలిసే చేస్తారు. ఆ రోజు బెండకాయలు కడిగి, ఒక్కో కాయనీ పొడిగుడ్డతో తుడుస్తూ శ్రీవల్లి జరిగిందంతా చెప్పింది. తడి ఉంటే కూర జిగురవుతుందని ఆమె ఎంత కోపంలో ఉన్నా తుడవడం మానదు.

విజయశ్రీ గారిది గుంటూరు. ప్రపంచంలో ప్రతి చిక్కుకీ ఆవిడ దగ్గర ఒకటే మందు ఉంది. "పోయి బతిమాలుకో అమ్మా. నాలుగు కన్నీళ్లు పెట్టుకో. పిల్లలు ఏడిస్తే ఎంతటివాడికైనా మనసు కరగదూ?"

"నేను కాపీ కొట్టలే ఆంటీ."

"కొట్టావని ఎవరన్నారు? కొట్టకపోతే మాత్రం ఏడవకూడదని ఉందా?"

అప్పుడే ఆవిడ కూతురు అవని వచ్చి, భుజాన బ్యాగు కుర్చీలో పడేసింది. అవని ఇక్కడే పుట్టింది. అదే యూనివర్సిటీలో చరిత్రలో డాక్టరేట్ చేస్తోంది. ఏడొందల ఏళ్ల కిందట ఇంగ్లండు కోర్టుల్లో జనం ఏ భాషలో మాట్లాడారు, ఏ భాషలో ఓడిపోయారు అన్నది ఆమె విషయం. గుడిలో ఎవరైనా అడిగితే విజయశ్రీ గారు "మా అమ్మాయి లా చేస్తోంది" అంటారు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

"అమ్మా, స్టాప్. ఏడవడం ఏంటి?" అంది అవని. శ్రీవల్లి వైపు తిరిగి, "నువ్ సారీ ఎందుకు చెప్పావ్?" అని అడిగింది.

"మస్తు కోపంగున్నడు అక్కా."

"ఆయన యాంగ్రీగా ఉంటే నువ్ కన్ఫెస్ చేస్తావా?" అవని ఒక బెండకాయ ముక్క పచ్చిగానే నోట్లో వేసుకుంది. "యూ నో, అప్పట్లో కూడా ఇంతే. కోర్ట్‌లో ఫిక్స్‌డ్ వర్డింగ్ ఉండేది. ఒక్క మాట తప్పు చెప్తే కేస్ పోతుంది, పైన ఫైన్. లండన్ వాళ్లు కింగ్ దగ్గర రైట్స్ తెచ్చుకున్నారు, మాటలు తప్పు చెప్తే మాకు ఫైన్ వద్దు అని."

"గదేం కోర్టు?"

"ఇంకా విను. మామూలు మనిషి ఇంగ్లిష్‌లో చెప్తాడు. వాడి లాయర్ ఫ్రెంచ్‌లో వాదిస్తాడు. క్లర్క్ అదంతా లాటిన్‌లో రాస్తాడు."

శ్రీవల్లి కత్తి ఆపింది. "మరి ఆ మనిషికి ఏమర్థమైతది?"

"ఏం కాదు."

"గెలిచిండో ఓడిండో?"

"ఎవరో వచ్చి చెప్పాలి. తర్వాత ఒక లా చేశారు, థర్టీన్ సిక్స్‌టీటూలో. ఇకనుంచి కోర్ట్‌లో ఇంగ్లిష్‌లోనే వాదించాలి అని. ఆ లా ఏ భాషలో రాశారో చెప్పు?"

"ఏ భాషల?"

"ఫ్రెంచ్!"

ఆ రోజు పొద్దున్నుంచీ శ్రీవల్లి నవ్వింది అదొక్కసారే. "ఇందుకే ఆ చరిత్ర వద్దు, ఏదైనా పనికొచ్చేది చదవమన్నాను," అని విజయశ్రీ గారు పోపు వేశారు.

నూనె చప్పుడు తగ్గాక అవని అసలు ప్రశ్న అడిగింది. "హర్షకి నీ కోడ్ ఎలా వెళ్లింది?"

"నేనే ఇచ్చిన."

చెప్పడానికి అందులో పెద్ద కథేమీ లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ రికార్డు ఒకరు రాస్తారు, బెంచీ అంతా చూసి రాసుకుంటుంది. రికార్డు అడిగితే లేదనడం, దాహమన్నవాడికి నీళ్లు లేవనడంతో సమానం. హర్షవర్ధన్ అదే కాలేజీలో ఆమెకి రెండేళ్ల సీనియర్. అక్కడ ఒక ఉద్యోగం వెలగబెట్టి, ఇప్పుడు ఇక్కడ ఆమె క్లాసులోనే చేరాడు. ఆమె విమానం దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్లిందీ, రైస్ కుక్కర్ కొనిపెట్టిందీ అతనే. ఒక్కసారి చూసి ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చింది.

"ఇవ్వకూడదని రూల్ ఉంది. నీకు తెలీదు కదా?" అంది అవని, జవాబు తనే అందిస్తూ.

"ఎందుకు తెల్వదు? ఫస్ట్ వీక్‌లనే చెప్పిన్రు. తెలిసే ఇచ్చిన."

"ఓకే. ఆ సెంటెన్స్ మాత్రం అక్కడ చెప్పకు. ప్లీజ్. కమిటీకి నేను నీ అడ్వైజర్‌గా వస్తాను, పక్కనే కూర్చుంటాను."

మర్నాడు ల్యాబ్ మెట్ల దగ్గర హర్షవర్ధన్ ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. రెండు కాఫీలు తెచ్చాడు. ఒకటి ఆమె చేతిలో పెట్టి, మెట్టు మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఆమెకి పని సులువయ్యేది.

"చూడు శ్రీవల్లీ. నువ్వు ఆల్రెడీ సారీ చెప్పినవ్ గదా. అదే కంటిన్యూ చెయ్. ఫస్ట్ టైం కాబట్టి వార్నింగ్ ఇచ్చి వదిలేస్తరు. నాకు చాండ్లర్‌ల జాబ్ ఆఫర్ వచ్చింది. ఏప్రిల్‌ల హెచ్‌-వన్ వర్క్ వీసా ఫైల్ చేస్తరు. ఇప్పుడు నా పేరు బయటికొస్తే మొత్తం పోతది."

"నన్ను సస్పెండ్ చేస్తే?"

"చెయ్యరు. చేసినా నేనున్న గదా, ఇంకో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ చేపిస్త."

ఆమె కాఫీ మూత తీసింది, మళ్లీ పెట్టింది. "అన్నా, ఎయిర్‌పోర్ట్‌కి వచ్చినవ్, మర్చిపోను. కుక్కర్ ఇప్పటికీ రోజూ వాడుతున్న. కానీ ఆయన అడిగినప్పుడు, అది ఎట్ల రాసినవో ఒక్క లైన్ అన్న చెప్పగలవా నువ్వు?"

"ఆయన అడగలే."

"గదే కదా. నన్ను గూడ అడగలే."

"తోటోని కొంప ముంచుతవా?" అన్నాడు హర్షవర్ధన్, గొంతు తగ్గించి.

"ఇప్పుడు మునిగింది నాది అన్నా. నువ్వు ఒడ్డు మీదనే ఉన్నవ్." ఆమె కాఫీని మెట్టు మీద అతని పక్కనే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. లోపల కుర్చీలో కూర్చుని కంప్యూటర్ తెరిచింది. చెప్పినందుకు బాధ లేదు.

గురువారం పొద్దున రైల్లో అవని ఒక కాగితం తీసి చేతికిచ్చింది. కమిటీ ముందు చదవాల్సిన మాటలు, చక్కటి ఇంగ్లిష్‌లో. మా సమాజంలో చదువు అందరి ఉమ్మడి సొత్తు, ఈ దేశపు పద్ధతులు నాకు కొత్త, నాకు తెలియక జరిగింది... శ్రీవల్లి చివరిదాకా చదివి మడిచింది.

"అక్కా, ఇందుల నేను చిన్నపిల్ల లెక్కున్న."

"చిన్నపిల్ల అయితేనే వదిలేస్తారు," అంది అవని. "వాళ్లకి రెండే బాక్సులు ఉన్నాయి. చీటర్, లేకపోతే పూర్ థింగ్. నువ్ సెకండ్ బాక్స్‌లోకి వెళ్లు. తర్వాత కోపం తెచ్చుకుందాం."

శ్రీవల్లి కిటికీలోంచి చూసింది. కరిగిపోగా మిగిలిన మంచు పట్టాల పక్కన మట్టి కలిసి నల్లగా ఉంది. ఆ కాగితంలో ఇంగ్లిష్‌కి వంక పెట్టడానికి లేదు. అందులో తను ఎక్కడుందో మాత్రం ఆమెకి కనబడలేదు.

కమిటీ గది చిన్నది. పొడవాటి బల్లకి అటు ముగ్గురు, మధ్యలో అధ్యక్షురాలు. కళ్లద్దాలు గొలుసుతో మెళ్లో వేసుకున్న పెద్దావిడ. ఒక పక్కన ప్రొఫెసర్ గారు. మూలన ఒకావిడ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ప్రతి మాటా టైపు చేస్తోంది. అధ్యక్షురాలు నియమాలు చదివింది. అడ్వైజర్ పక్కన కూర్చోవచ్చు, చెవిలో చెప్పవచ్చు. కమిటీతో మాట్లాడకూడదు. విద్యార్థి తన మాట తనే చెప్పుకోవాలి.

"మీరు ప్రొఫెసర్ గారి గదిలో తప్పు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ మాట మారుస్తున్నారా?"

మారుస్తున్నారా అని అడిగేసరికే ఆమె రెండోసారి దోషి అయినట్టుంది. శ్రీవల్లి నోరు తెరిచింది. రాత్రంతా వరసగా పేర్చుకున్న ఇంగ్లిష్ వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమయ్యాయి. "ఐ... సర్ వాజ్..." అని ఆగిపోయింది. గదిలో టైపు చప్పుడు కూడా ఆగింది. అందరూ మర్యాదగా ఎదురు చూస్తున్నారు, ఆ మర్యాదే భరించలేనట్టుంది.

అవని ఉండబట్టలేకపోయింది. "క్షమించండి, నాకు మాట్లాడే హక్కు లేదని తెలుసు," అని మొదలుపెట్టి, అధ్యక్షురాలు చెయ్యెత్తినా ఆపలేదు. ఈ అమ్మాయి వచ్చిన చోట పెద్దవాళ్లకి ఎవరూ ఎదురు చెప్పరు, ఆడపిల్లలైతే అసలే చెప్పరు. కోపంగా చూస్తే సారీ చెప్పడం వాళ్ల అలవాటు. రాసింది నాది, నీది అన్న భేదం అక్కడ లేదు. ఈ నియమం అర్థమేమిటో ఆమెకి నిజంగా తెలియదు.

అధ్యక్షురాలి ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ముఖం మెత్తబడింది. మూలన టైపు మళ్లీ జోరందుకుంది. అవని గెలుస్తోందని శ్రీవల్లికి తెలుస్తూనే ఉంది. ఆ ముగ్గురూ ఇప్పుడు తన వైపు చూస్తున్నారు, దుకాణంలో తల్లి చెయ్యి వదిలేసిన పిల్లని చూసినట్టు. ఎదురు చెప్పని ఆడవాళ్లా! రేషన్ కార్డులు ఇచ్చేదాకా మండలాఫీసు గుమ్మంలోంచి లేవని రాధారాణి కడుపున పుట్టింది తను. తెలియదా? తనకి ఏది తెలియదు?

"ఆ మాటలు నావి కావు," అంది శ్రీవల్లి.

ఇంగ్లిష్‌లోనే అంది. ఎక్కణ్నించి వచ్చిందో గాని తడబాటు లేకుండా వచ్చింది. అవని సగం వాక్యంలో ఆగిపోయింది.

"ఈమె నాకు అక్క లాంటిది. నా మంచి కోసమే చెప్తోంది. కానీ ఇప్పుడు చెప్పినవి నా మాటలు కావు, నేను ఒప్పుకోను. ఆ రోజు సారీ చెప్పాను, నిజమే. సర్ కోపంగా ఉన్నారని చెప్పాను. కాపీ కొట్టానని చెప్పలేదు. ఆ ప్రోగ్రాం నేను రాశాను. హర్షవర్ధన్‌కి నేనే ఇచ్చాను. నమ్మకపోతే అడగండి. ఏ లైన్ గురించైనా అడగండి."

ప్రొఫెసర్ గారు కాగితాలు తిప్పాడు. ఒక చోట వేలు పెట్టి, కొంచెం విసుగ్గానే అడిగాడు. "ఇక్కడ కిందికి దిగుతున్న లిఫ్టు, దగ్గర్లో ముగ్గురు ఎదురు చూస్తున్నా వాళ్లని వదిలేసి, ఖాళీగా పైకి వెళ్తుంది. ఇది పొరపాటు కదా?"

శ్రీవల్లి లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. మార్కర్ ఎండిపోయి ఉంది, ఇంకోటి తీసుకుంది. నాలుగు నిలువు గీతలు గీసి, ఒకదాని చిట్టచివర చిన్న చుక్క పెట్టింది.

"దగ్గరున్న వాళ్లనే ముందు ఎక్కించుకుంటూ పోతే, ఈ పై అంతస్తు మనిషి దగ్గరికి లిఫ్టు ఎప్పటికీ రాదు. కింద ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గరగా ఉంటారు. అందుకని ఎదురుచూసే కొద్దీ ఆ మనిషి బరువు, అంటే ప్రాధాన్యం, పెంచుతూ వెళ్లాను." ఆమె చుక్కని దిద్ది దిద్ది పెద్దది చేసింది. "ఒక హద్దు దాటాక దూరమెంతైనా లిఫ్టు అక్కడికి వెళ్లి తీరాలి. ముందు హద్దు చిన్నదిగా పెట్టాను, లిఫ్టులన్నీ పైకే పరిగెత్తాయి. రెండు వారాలు దాంతోనే కుస్తీ పట్టాను. మీరు పొరపాటన్నది ఈ ప్రోగ్రాం మొత్తంలో నాకు ఇష్టమైన చోటు సర్."

ఆయన బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. విసుగు పోయి, ఆ ముఖంలో పాఠం చెప్పేవాడి ఆసక్తి వచ్చింది.

"ఇదే ప్రశ్న రెండో విద్యార్థిని అడిగారా?" అంది అధ్యక్షురాలు.

"లేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరిలో ఎవరినీ అడగలేదు."

వాళ్లని కాసేపు బయట కూర్చోమన్నారు. వరండాలో బెంచీ మీద అవని ఫోన్ చూస్తున్నట్టు నటించింది. ముక్కుపుట ఎర్రగా ఉంది.

"కోపమొచ్చిందా అక్కా?"

"వచ్చింది. అందరి ముందు నన్ను డిస్‌ఓన్ చేశావ్, నేనెవరో అన్నట్టు." అవని ఫోన్ పక్కన పెట్టింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది ఆమెకి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓ మై గాడ్. నేను రెండు ఇయర్స్ నుంచి ఇదే రాస్తున్నాను, తెలుసా? ఆ కోర్ట్స్‌లో నీ కోసం మాట్లాడేవాడిని తెచ్చుకుంటావ్ కదా, వాడు తప్పు చెప్తే నువ్ లేచి, ఇవి నా మాటలు కాదు అనొచ్చు. అప్పుడు అవి పోతాయి. నువ్ సొంతంగా తప్పు చెప్తే మాత్రం పోవు. అందుకే వేరేవాళ్ల నోరు తెచ్చుకునేవాళ్లు."

"అంటే ఇయ్యాల నువ్వు నాకు అరువు నోరు."

"అవును, రిటర్న్ చేసేశావ్."

"మంచి నోరే అక్కా. నాకు సరిపోలే, అంతే."

లోపలికి పిలిచారు. అధ్యక్షురాలు కళ్లద్దాలు పెట్టుకుని, మూలనున్న ఆవిడ అందించిన కాగితం చదివింది. కాపీ ఆరోపణ కొట్టివేస్తున్నాం. రెండో విద్యార్థి విషయం విడిగా విచారిస్తాం. తన పని ఇతరులకి ఇవ్వకూడదన్న నియమం ఉన్నా, సాంస్కృతిక నేపథ్యం కారణంగా విద్యార్థినికి దాని అర్థం తెలియలేదని కమిటీ గుర్తించింది. కాబట్టి హెచ్చరికతో సరిపెడుతున్నాం.

బల్ల కింద అవని ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. అయిపోయింది, బయటపడ్డాం. సెమిస్టర్ ఉంది, వీసా ఉంది. ప్రొఫెసర్ గారు కూడా తలూపాడు. లేచి దండం పెట్టి వెళ్లిపోవడమే మిగిలింది.

"ఆ వాక్యం తీసేయండి," అంది శ్రీవల్లి.

"ఏది?"

"తెలియలేదన్నది. అది నేను చెప్పలేదు. ఆ మాటలు నావి కావని ఇక్కడే చెప్పాను. అయినా అవే రాశారు."

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసింది. ఆవిడ గొంతులో కోపం లేదు. "అమ్మాయ్, నిన్ను కాపాడుతున్నది ఆ వాక్యమే. అది తీసేస్తే, నీకు నియమం తెలుసు, తెలిసే ఇచ్చావు అని అవుతుంది. సస్పెన్షన్ ఉండదు గాని, ఈ కోర్సులో ఫెయిల్ చేయక తప్పదు. మళ్లీ మొదటినుంచి చదవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. నీ రికార్డులో అది ఉండిపోతుంది. ఆలోచించుకో."

"శ్రీవల్లీ, ప్లీజ్, కూర్చో," అంది అవని తెలుగులో.

ఆ గదిలో శ్రీవల్లి మొదటిసారి తెలుగులో మాట్లాడింది. మెల్లగా కూడా కాదు, మామూలు గొంతుతోనే. "ఫెయిలైతే మళ్ల చదువుకుంట అక్కా, నాకు చదువుడు వచ్చు. రేపు ఎవరన్న ఆ కాగితం తీసి చదివితే అండ్ల నేనుండాలె. ఏం తెల్వనిదెవరో ఉండొద్దు."

అవని ఇంకేదో అనబోయి, ఆమె ముఖం చూసి, చెయ్యి వదిలేసింది.

టైపు చేసే ఆవిడ ముందు అధ్యక్షురాలి వైపు, తర్వాత శ్రీవల్లి వైపు చూసింది. అధ్యక్షురాలు తలూపింది. ఆవిడ ఒక మీటని నొక్కి పట్టుకుంటే, ఆ వాక్యం చివరినుంచి ఒక్కో అక్షరమూ చెరిగిపోయి, తెల్లటి చోటు మిగిలింది. ఆవిడ చేతులు మీటల మీద ఉంచి ఎదురు చూసింది.

"ప్రోగ్రాం రాసింది నేను," అంది శ్రీవల్లి, ఒక్కో మాటకీ ఆవిడ వేళ్లు అందుకునేంత వ్యవధి ఇస్తూ. "నియమం నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను."

మీటల చప్పుడు ఆగేదాకా ఆగింది.

"ఇప్పుడు చదివి వినిపించండి."